సగటు మనిషికి చొక్కా కుట్టగలమా?

ఒంటికి సరిగ్గా అమరిన చొక్కా సంగతి మనకు గుర్తుండదు. అమరని చొక్కా మాత్రం రోజంతా గుర్తుచేస్తూనే ఉంటుంది. చెయ్యెత్తితే నడుము మీదికి ఎగబాకుతుంది, కూర్చుంటే మెడ దగ్గర బిగుస్తుంది, వంగితే వీపు దగ్గర పట్టేస్తుంది. ఈ చిన్న ఇబ్బంది వెనుక దాదాపు రెండువందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో దర్జీలున్నారు, గణాంకవేత్తలున్నారు, సైనికులున్నారు, వ్యోమగాములున్నారు. ఒక చేత్తో కత్తెర, మరో చేత్తో లెక్కల పుస్తకం పట్టుకొని పనిచేసిన కొందరు స్త్రీలు కూడా ఉన్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి వృత్తి గురించి. బట్టల రూపకల్పనకూ, శరీరపు కొలతలూ కదలికలూ పరిశీలించే శాస్త్రానికీ వారు ఎలా ముడివేశారో చెప్పడమే ఇక్కడి ప్రయత్నం.

ఆ శాస్త్రాన్ని ఎర్గొనామిక్స్ అంటారు. గ్రీకు భాషలో పని అనే మాటనూ, నియమం అనే మాటనూ కలిపి 1857లో యాస్ట్‌షెంబోవ్‌స్కి అనే పోలండు శాస్త్రజ్ఞుడు ఈ పేరును తొలిసారి వాడాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1949లో బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు ఒక సంఘంగా ఏర్పడి మళ్ళీ అదే పేరు పెట్టుకోవడంతో అది స్థిరపడింది. మనిషిని పనిముట్టుకు తగ్గట్టు వంచడం కాదు, పనిముట్టునే మనిషికి తగ్గట్టు మలచాలన్నది దాని మూలసూత్రం. తెలుగులో దీన్ని "దేహానుకూల శాస్త్రం" అనవచ్చునేమో. ఇంతకంటే మేలైన మాట చదువరులకు తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

ఇప్పుడు అసలు చరిత్రలోకి వద్దాం.

కొలత బద్దగా ఉన్న రోజులు

అంగుళాలు గుర్తించిన టేపు దర్జీల మెడలోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళలోనే. అంతకుముందు ఐరోపా దర్జీ ఒక్కో మనిషికి ఒక్కో తోలుకాగితపు బద్ద ఉంచుకునేవాడు. ఛాతీ చుట్టూ ఎంతవరకు వచ్చిందో అక్కడ ఒక గాటు, చేతి పొడవు ఎంతో అక్కడ మరో గాటు. ఆ బద్ద మీద అంకె ఉండదు. అది ఆ ఒక్క మనిషి దేహానికి గుర్తు, అంతే. ఇద్దరి బద్దలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు గానీ, వందమంది బద్దలను కూడి వందతో భాగించడం కుదరదు.

టేపు వచ్చాక కొలత అంకె అయింది. అంకెను కూడవచ్చు, భాగించవచ్చు, పట్టికలో ఎక్కించవచ్చు, ఉత్తరంలో పంపవచ్చు. దేహం లేకుండా దేహపు కొలత ఊళ్ళు తిరగడం అప్పుడే మొదలైంది. తయారు దుస్తుల వ్యాపారం సాధ్యమైంది అందువల్లనే. సైన్యాలకు ఇది మరీ అవసరం. లక్షలమందికి ఒకేసారి యూనిఫారాలు కావాలంటే ఒక్కొక్కరినీ కొలిచి కుట్టడం జరిగే పని కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల దుస్తులను కొన్ని నిర్ణీత సైజులలో కుట్టించారు. అదే కాలంలో సైనికుల శరీరాల కొలతలను పెద్దయెత్తున సేకరించారు. వాటిని గూల్డ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు క్రోడీకరించి 1869లో గ్రంథంగా ప్రచురించాడు. నక్షత్రాలను లెక్కించే మనిషి సైనికుల నడుములను లెక్కించడం చిత్రంగా తోచవచ్చు. కాని ఆ కాలంలో గణాంకశాస్త్రం ఆకాశం నుంచే నేలకు దిగింది.

దాన్ని దింపినవారిలో ముఖ్యుడు బెల్జియం దేశస్థుడైన కెత్లే. ఆయనా ఖగోళవేత్తే. ఒకే నక్షత్రాన్ని పదిమంది కొలిస్తే పది అంకెలు వస్తాయి; వాటి సగటు నిజానికి దగ్గరగా ఉంటుంది, తక్కినవి పొరపాట్లు. ఈ పద్ధతినే ఆయన మనుషులకు అన్వయించాడు. 1835లో వెలువరించిన గ్రంథంలో "సగటు మనిషి" అనే భావనను ప్రతిపాదించాడు. తరువాత 5,738 మంది స్కాట్లండు సైనికుల ఛాతీ కొలతలను తీసుకొని, అవి ఒక మధ్యబిందువు చుట్టూ గంట ఆకారంలో గుమిగూడుతున్నాయని చూపించాడు. ఆయన దృష్టిలో ఆ మధ్యబిందువే ప్రకృతి ఉద్దేశించిన మనిషి. అటూయిటూ ఉన్నవారు ప్రకృతి చేతి తప్పులు.

నక్షత్రం విషయంలో ఈ వాదం నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ ఉన్నది ఒకే నక్షత్రం. ఇక్కడ ఉన్నది 5,738 ఛాతీలు. వాటి సగటు ఏ ఒక్కరి ఛాతీ కొలతకూ దిద్దుబాటు కాదు. ఈ తేడా బట్టలు కుట్టేవారికి తగిలినంత గట్టిగా మరెవరికీ తగలలేదు.

పద్నాలుగువేల మంది స్త్రీలు

అమెరికాలో తయారు దుస్తులు, ముఖ్యంగా కేటలాగు చూసి పోస్టులో తెప్పించుకునే దుస్తులు, ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో విపరీతంగా పెరిగాయి. వెనక్కి వచ్చే బట్టలు కూడా అలాగే పెరిగాయి. ఒక్కో కంపెనీ తనకు తోచిన సైజులు పెట్టుకోవడమే దీనికి కారణం. అమెరికా వ్యవసాయ శాఖలో 1923లో ఏర్పడిన గృహవిజ్ఞాన విభాగం ఈ సమస్యను చేపట్టింది. గృహవిజ్ఞానం అనగానే కూరగాయలు తరగడం, లేసులు అల్లడం అనుకునే రోజులవి. విజ్ఞానశాస్త్రం చదివిన స్త్రీలకు తక్కిన ద్వారాలు మూసి ఉంచిన ఆ కాలంలో ప్రయోగశాల దాకా చేరనిచ్చిన ద్వారాలలో ఇదొకటి.

ఆ విభాగంలో వస్త్రాల శాఖకు అధిపతి రూత్ ఓబ్రయన్. ఆమె మొదట పిల్లల కొలతలు తీయించింది. 1937 నుంచి 1939 వరకు సుమారు 1,47,000 మంది బాలబాలికలను, ఒక్కొక్కరికి 36 కొలతల చొప్పున కొలిచారు. తరువాత గణాంకవేత్త విలియం షెల్టన్‌తో కలిసి స్త్రీల కొలతలకు పూనుకుంది. 1939, 40 సంవత్సరాలలో 14,698 మంది స్త్రీలను కొలిచారు. బరువుతో కలిపి ఒక్కొక్కరికి 59 కొలతలు. ఫలితాలు 1941లో అచ్చయ్యాయి.

ఆ నివేదికలోని ఒక విషయం దర్జీలకు ఎప్పటినుంచో తెలిసినదే, కాని ఇప్పుడు దానికి అంకెల సాక్ష్యం దొరికింది. ఛాతీ కొలత ఒక్కటి తెలిస్తే తక్కిన దేహం తెలియదు. ఒకే ఛాతీ కొలత ఉన్న ఇద్దరిలో ఒకరి భుజాలు వెడల్పుగా ఉండవచ్చు, మరొకరి వీపు పొడవుగా ఉండవచ్చు. ఒక్క అంకెతో సైజు చెప్పడమంటే, ఇంటి నంబరు చెప్పి ఊరు పేరు చెప్పకపోవడమే.

మరో విషయం ఆ పుస్తకం పుట్టుకలోనే ఉంది. కొలిచిన 14,698 మందిలో చివరి లెక్కకు తీసుకున్నది 10,042 మందిని. పక్కన పెట్టినవారిలో శ్వేతజాతికి చెందని స్త్రీలు అందరూ ఉన్నారు. గుంపుగా వచ్చిన చోట వారినీ కొలిచారు, కొలిచాక లెక్కలోంచి తీసేశారు. దేశమంతటికీ సైజులు నిర్ణయించబోయే పట్టికలో ఆ దేశపు స్త్రీలలో ఒక వర్గం మొత్తం లేకుండా పోయింది. అందుకు కారణం టేపు కాదు, అంకె కూడా కాదు. ఎవరి అంకెను ఉంచాలన్న నిర్ణయమే కారణం.

ఈ కొలతల ఆధారంగా 1958లో స్త్రీల దుస్తులకు ఒక వాణిజ్య ప్రమాణం వచ్చింది. 1970 ప్రాంతంలో దాన్ని సవరించారు. 1983లో పూర్తిగా ఉపసంహరించారు. కంపెనీలు మళ్ళీ ఎవరి సైజులు వారే పెట్టుకున్నాయి. నేటికీ ఒక దుకాణంలోని మధ్యరకం సైజు మరో దుకాణంలో పెద్ద సైజు కావడం వెనుక ఉన్న కథ ఇదే.

నోర్మా అనే బొమ్మ

ఈ కొలతలకు ఒక వింత సంతానం కూడా ఉంది. 1940ల తొలినాళ్ళలో రాబర్ట్ డికిన్సన్ అనే స్త్రీవైద్యుడు, ఏబ్రం బెల్‌స్కీ అనే శిల్పి కలిసి వేలాదిమంది యువతుల సగటు కొలతలతో ఒక స్త్రీ విగ్రహం చేశారు. దానికి నోర్మా అని పేరు. అది సహజమైన, ఆదర్శమైన అమెరికన్ స్త్రీ అని ప్రచారం జరిగింది. 1945లో క్లీవ్‌లండ్ నగరంలో ఒక పత్రిక పోటీ పెట్టింది: నోర్మా కొలతలతో ఎవరి కొలతలు సరిపోతాయో వారికి బహుమతి. 3,864 మంది స్త్రీలు కొలతలు పంపారు. తొమ్మిది కొలతలలోనూ సరిపోయినవారు ఒక్కరూ లేరు. అయిదు కొలతలలో సరిపోయినవారు కూడా నలభైమందికి లోపే.

ఇంత జరిగాక సగటు విగ్రహమే తప్పు అనుకోవాలి కదా? ఆనాటివారు అలా అనుకోలేదు. స్త్రీలే తమ దేహాలను సరిగా చూసుకోవడం లేదని అన్నారు. కెత్లే వాదం నూరేళ్ళ తరువాత కూడా అంత బలంగా ఉంది.

రెండుకు తరువాత సున్నా

ఆ వాదం అంకెలతోనే ఓడింది. ఓడించినవాడు గిల్బర్ట్ డేనియల్స్ అనే యువకుడు. హార్వర్డులో శరీర మానవశాస్త్రం చదువుకొని అమెరికా వైమానిక దళపు వైద్య ప్రయోగశాలలో చేరాడు. 1950లో ఆ దళం నాలుగువేలకు పైగా విమాన సిబ్బందిని నూటికి పైగా కొలతలతో కొలిచింది. విమానంలో పైలట్ కూర్చునే గది 1920ల నాటి సగటు పైలట్‌కు తగినట్టు కట్టినది. ఇప్పటి పైలట్ల సగటు కనుక్కొని గదిని కాస్త మార్చితే సరిపోతుందని అధికారుల ఊహ.

డేనియల్స్ మరో ప్రశ్న వేశాడు. అసలు సగటు పైలట్ ఎందరున్నారు? ఇందుకు అతడు తీసుకున్న పది కొలతలు బట్టలు కుట్టడానికి పనికివచ్చేవి. అతడి 1952 నాటి చిన్న నివేదికలోని లెక్కను వరసగా చదవాలి.

మొత్తం 4,063 మంది. వారిలో ఎత్తులో సుమారు సగటువారు 1,055. ఆ 1,055 మందిలో ఛాతీ చుట్టుకొలత కూడా సగటుగా ఉన్నవారు 302. వారిలో చేతి పొడవు కూడా సగటువారు 143. కాళ్ళ సందు ఎత్తు కూడా కలిపితే 73. మొండెం చుట్టుకొలతతో 28. తుంటితో 12. మెడతో 6. నడుముతో 3. తొడతో 2. పదో కొలత దగ్గరికి వచ్చేసరికి, సున్నా.

నాలుగువేల మందిలో ఒక్కరూ లేరు. వీరు దారినపోయేవారు కూడా కారు. పైలట్లుగా తీసుకునేటప్పుడే మరీ పొడవు, మరీ పొట్టి, మరీ లావు ఉన్నవారిని వడబోసి ఎంచుకున్నవారు. ఇంతగా ఎంచిన గుంపులోనే సగటు మనిషి లేనప్పుడు ఇక ఊళ్ళో ఎక్కడ ఉంటాడు? సగటు మనిషికి చొక్కా కుడితే దాన్ని తొడుక్కోవడానికి ఎవరూ రారు.

ఆ తరువాత వైమానిక దళం పద్ధతి మార్చింది. సీటును జరుపుకోవచ్చు, పెడల్‌ను ముందుకూ వెనక్కూ మార్చుకోవచ్చు, శిరస్త్రాణం పట్టీని బిగించుకోవచ్చు. నేడు కారు ఎక్కగానే సీటు కింది మీట లాగి ముందుకు జరుపుకొనే మనకు ఇది మామూలు విషయం. ఆనాటికి అది పెద్ద తలకిందులు.

నిలబడిన దేహం, వంగిన దేహం

ఇంతవరకు చెప్పినదంతా నిలబడి ఉన్న మనిషి కొలతల గురించే. బట్ట తొడుక్కున్న మనిషి మాత్రం నిలబడే ఉండడు. మోచెయ్యి మడిస్తే వెలుపలి వైపు చర్మం సాగుతుంది, లోపలి వైపు ముడతపడుతుంది. మోకాలిదీ అదే తీరు. బట్టకు ఆ సాగే గుణం ఉండదు కనుక దర్జీ కొంత వదులు ఇస్తాడు. ఎక్కడ ఎంత వదులు ఇవ్వాలన్నదే కుట్టుపనిలోని అసలు విద్య.

ఇందులో సామాన్య బుద్ధికి ఎదురుగా ఉండే సంగతులున్నాయి. చెయ్యి సులువుగా లేవాలంటే చంక దగ్గర కోత లోతుగా, వెడల్పుగా ఉండాలని తోస్తుంది. నిజం దీనికి విరుద్ధం. చంక కోత కిందికి దిగేకొద్దీ చెయ్యెత్తినప్పుడు చొక్కా మొత్తం పైకి లేస్తుంది. కోత చంకకు దగ్గరగా ఉంటేనే చెయ్యి ఒంటరిగా కదులుతుంది, చొక్కా ఉన్నచోటే ఉంటుంది. పాతకాలపు లాల్చీలలో చంక కింద ఒక చదరపు ముక్క వేసి కుట్టడం ఈ రహస్యం తెలిసినవారి పనే.

ఈ విద్య ఎంత గొప్పదో చంద్రుడి మీదికి వెళ్ళేటప్పుడు తెలిసింది. అంతరిక్షంలో వేసుకునే దుస్తులో గాలి నింపాలి. గాలి నిండిన దుస్తు బుడగలాగా బిగుసుకుంటుంది. చెయ్యి మడిస్తే లోపలి ఖాళీ తగ్గి, గాలి ఎదురు తోస్తుంది. వ్యోమగామి ప్రతి కదలికకూ ఆ గాలితో కుస్తీ పట్టాలి. మడిచినా లోపలి ఖాళీ మారని కీళ్ళు కావాలి. 1965లో ఈ పనికోసం జరిగిన పోటీలో గెలిచింది డెలవేర్ రాష్ట్రం డోవర్‌లోని ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్. ప్లేటెక్స్ పేరుతో స్త్రీల లోదుస్తులు తయారుచేసిన సంస్థ అది. రబ్బరూ బట్టా కలిపి, ఒంటిని పట్టి ఉంచుతూనే కదలనిచ్చే దుస్తు కుట్టడం దాని నిత్యవృత్తి.

అపోలో దుస్తును కుట్టింది ఆ ఫేక్టరీలోని కుట్టుపనివారు, అత్యధికులు స్త్రీలు. 21 పొరలు. కుట్టు అంగుళంలో 64వ వంతు కూడా తప్పరాదు. అంటే సుమారు 0.4 మిల్లీమీటరు. పొరల మధ్య గుండుసూది ఏదైనా మిగిలిపోయిందేమోనని దుస్తులను ఎక్స్‌రే తీసి చూసేవారు. ఒక్కో వ్యోమగామికీ అతడి కొలతలతోనే కుట్టారు. చేతి తొడుగులకు అతడి చేతుల అచ్చులు తీసుకున్నారు. అన్ని రాకెట్లూ, అన్ని లెక్కలూ దాటాక, చంద్రుడి మీద మనిషి ప్రాణాన్ని కాపాడింది అతడి ఒంటికి సరిపోయిన కుట్టు.

మోసుకుపోయే వాతావరణం

కుట్టుపనివారి చేతుల్లో ఉన్న ఈ విద్యను విశ్వవిద్యాలయపు పాఠంగా మలచినవారిలో సూసన్ వాట్కిన్స్ పేరు ముందు చెప్పాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఆమె ఆచార్యురాలు. ఆమె పనిచేసిన కళాశాల ఒకప్పటి గృహవిజ్ఞాన కళాశాలే; 1969లో పేరు మార్చుకొని మానవ పర్యావరణ కళాశాల అయింది. రూత్ ఓబ్రయన్ తరం స్త్రీలకు దొరికిన ఆ ఒక్క ద్వారం ఇలా మరో తరానికి వారసత్వమైంది.

1984లో వాట్కిన్స్ ఒక పుస్తకం ప్రచురించింది. బట్ట అంటే మనిషి తనతో మోసుకుపోయే పర్యావరణం అన్న ఊహ ఆ పుస్తకం పేరులోనే ఉంది. ఇల్లు ఒకచోట నిలిచి ఉండే పర్యావరణం. బట్ట మనతో నడిచే ఇల్లు. ఇంటికి గోడ, కిటికీ, తలుపు ఉన్నట్టే బట్టకు వేడిని ఆపే పొర, చెమటను పోనిచ్చే దారి, దెబ్బను తట్టుకునే మెత్త, తొడగడానికీ విప్పడానికీ వీలు ఉండాలి. అగ్నిమాపక సిబ్బంది, క్రీడాకారులు, అంగవైకల్యం ఉన్నవారు, వీరందరి బట్టలనూ ఒకే ప్రశ్నతో చూడవచ్చు: ఈ మనిషి ఏ పని చేయబోతున్నాడు, అప్పుడు అతడి దేహం ఎలా కదులుతుంది, దానికి బట్ట అడ్డమా, తోడా?

ఈ ప్రశ్నకు జవాబివ్వాలంటే రెండు విద్యలు కావాలి. గుడ్డ అడ్డంగా ఎలా సాగుతుంది, ఏటవాలుగా కత్తిరిస్తే ఎలా వాలుతుంది అన్నది తెలియాలి. మోకాలు ఎన్ని డిగ్రీలు మడుస్తుంది, అలసట ఎక్కడ మొదలవుతుంది, వందమందిని కొలిచి అందులో అర్థం ఎలా వెతకాలి అన్నదీ తెలియాలి. మొదటిది తెలిసినవారిని కుట్టుపనివారనీ, రెండోది తెలిసినవారిని శాస్త్రజ్ఞులనీ అనడం లోకరీతి. రెండూ తెలిసినవారికి చాలాకాలం పేరే లేదు.

అదే కోర్నెల్‌లో సూసన్ ఆష్‌డౌన్ సైజుల మీద, దేహాన్ని మూడు కొలతలలో చిత్రించే స్కానర్ల మీద పనిచేసింది. 2007లో దుస్తుల సైజుల గురించి ఆమె సంపాదకత్వంలో ఒక గ్రంథం వచ్చింది. స్కానర్ చేసిన మేలు ఏమిటంటే, టేపు పోగొట్టిన దాన్ని కొంతవరకు తిరిగి తెచ్చింది. టేపు చుట్టుకొలత చెబుతుంది, ఆకారం చెప్పదు. 34 అంగుళాల నడుము గుండ్రంగా ఉందా, పళ్ళెంలాగా చదునుగా ఉందా అన్నది దానికి పట్టదు. స్కానర్‌కు పడుతుంది.

బట్ట వినడం మొదలుపెట్టాక

తొంభైలలో కంప్యూటర్లు ఒంటిమీదికి ఎక్కడం మొదలైంది. మొదటి తరం వాటిని చేసింది ఇంజనీర్లు. పెట్టెను ముందు తయారుచేసి, తరువాత దాన్ని ఒంటికి కట్టడం వారి పద్ధతి. 1998లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సీన్ జెంపర్ల్, ఆమె సహచరులు ప్రశ్నను తిరగేశారు. దేహం మీద ఒక వస్తువు ఎక్కడ ఉంటే కదలికకు అడ్డం రాదు? మెడ వెనుక, పైచేయి వెనుక, పక్కటెముకల మీద, నడుము, తొడ, ఇలా దేహమంతా వెతికి, ఏ ఆకారం ఎక్కడ ఇముడుతుందో చూపారు. వాడిన మాటలు కొత్తవి గాని, ఏ దర్జీని అడిగినా తలూపే విషయాలే.

ఈ రెండు ప్రపంచాలనూ పూర్తిగా కలిపిన వృత్తిజీవితానికి లూసీ డన్‌ను ఉదాహరణగా చెప్పవచ్చు. కోర్నెల్‌లో దుస్తుల రూపకల్పన చదివి, ఐర్లండులోని యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు పొంది, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ధరించే సాంకేతికతకు ఒక ప్రయోగశాల నడిపింది. 2015లో వాట్కిన్స్, డన్ కలిసి క్రీడాదుస్తుల నుంచి అంతరిక్ష దుస్తుల దాకా అన్నిటినీ చర్చించే పెద్ద గ్రంథం వెలువరించారు. గురువు తరం పుస్తకమూ, శిష్యతరం పుస్తకమూ ఒకే అట్టల మధ్యకు వచ్చాయి.

ఇక్కడ ఎదురయ్యే చిక్కు పాతదే, కొత్త వేషంలో వచ్చింది. చొక్కాలో ఒక గ్రాహకాన్ని కుట్టి గుండె చప్పుడు వినాలంటే అది చర్మాన్ని అంటిపెట్టుకొని ఉండాలి. చొక్కా వదులైతే నడిచేటప్పుడు గుడ్డ ఒక దారి, దేహం ఒక దారి. గ్రాహకం విన్నది గుండెనో గుడ్డ రాపిడినో తేల్చలేం. బిగిస్తే బాగా వినబడుతుంది, కాని మనిషి గంటసేపటికే దాన్ని విప్పి పారేస్తాడు. విప్పిన చొక్కా ఎవరి గుండెనూ వినదు. యంత్రానికి కావలసిన బిగువు, మనిషికి కావలసిన వదులు, ఈ రెంటి మధ్య సంధి కుదర్చడమే ఈ వృత్తి. ఆ సంధి ఒక్కో దేహం దగ్గర ఒక్కో చోట కుదురుతుంది. కాబట్టి సగటు ఇక్కడా పనికిరాదు.

లెక్కలో లేని దేహాలు

చొక్కా అమరకపోతే ఏమవుతుంది, మరొకటి కొనుక్కుంటాం అనవచ్చు. అన్ని దుస్తులకూ ఆ వీలు లేదు.

అపోలో తరువాత అమెరికా అంతరిక్ష సంస్థ ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కొక్కరికీ కుట్టడం మానేసి, విడిభాగాలను కలిపి దుస్తు కూర్చే పద్ధతికి వచ్చింది. మొండెం భాగం గట్టిది, కొన్ని సైజులలోనే ఉంటుంది. మొదట చిన్న సైజులు కూడా తలపెట్టారు గాని, అంతరిక్షానికి వెళ్ళినవి మధ్యరకం, పెద్దవి, మరీ పెద్దవి మాత్రమే. 2019 మార్చి 29న ఇద్దరు స్త్రీలు కలిసి అంతరిక్ష కేంద్రం వెలుపల నడవవలసి ఉంది. ఇద్దరికీ మధ్యరకం మొండెమే సరిపోతుంది. సిద్ధంగా ఉన్నది ఒక్కటే. ఒకరి బదులు పురుషుడు వెళ్ళాడు. ఇద్దరు స్త్రీల నడక ఆ ఏడాది అక్టోబరు 18న గాని జరగలేదు. లోకం దీన్ని ఒకరోజు వింతవార్తగా చదివింది. నిజానికి ఆ మార్చి నాటి నిర్ణయం దశాబ్దాల కిందట, ఏ సైజులు తయారుచేయాలో తేల్చిన గదిలోనే జరిగిపోయింది.

నేల మీది సంగతి ఇంకా కఠినం. అమెరికా సైన్యంలోని స్త్రీలు చాలాకాలం పురుషుల కొలతలతో చేసిన తూటా కవచాలే వేసుకున్నారు. అవి పొడవై కూర్చున్నప్పుడు తుంటి ఎముకలను ఒత్తేవి. భుజం దగ్గర వదులై తుపాకీ మడమ సరిగా ఆనేది కాదు. స్త్రీల దేహానికి తగిన కవచాన్ని 2012లో గాని సైనికులకిచ్చి పరీక్షించలేదు. కొలతలు లేక ఈ ఆలస్యం జరిగిందనలేం. 1988లోనే ఆ సైన్యం 2,208 మంది స్త్రీల, 1,774 మంది పురుషుల కొలతలను పట్టికకెక్కించింది. కొలవడం ఒక మెట్టు, కొలిచినదాన్ని లెక్కలోకి తీసుకోవడం మరో మెట్టు. 1940లో పక్కన పెట్టిన స్త్రీల కొలతలు కూడా ఇదే చెబుతాయి.

మన ఆది

ఇక మన దగ్గరికి వద్దాం. తయారు దుస్తులు మన ఊళ్ళలో నిండిపోయి చాలాకాలమైంది గాని, వాటి సైజులు మాత్రం ఎక్కువగా పాశ్చాత్య పట్టికల నుంచి అరువు తెచ్చుకున్నవే. వస్తువుల రూపకల్పనకు పనికివచ్చే భారతీయుల శరీర కొలతలను దేబ్‌కుమార్ చక్రవర్తి గ్రంథస్థం చేయగా, అహమ్మదాబాదులోని జాతీయ రూపకల్పన సంస్థ 1997లో ప్రచురించింది. దుస్తుల కోసమే ప్రత్యేకంగా దేశవ్యాప్త సర్వే చేయాలని నిఫ్ట్ సంస్థ తలపెట్టినది ఆ తరువాతే. ఇండియాసైజ్ అని పేరు పెట్టి, పాతికవేలమందికి పైగా స్త్రీపురుషులను స్కానర్లతో కొలిచేందుకు ఆరు నగరాలను ఎంచుకున్నారు: ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు, షిల్లాంగ్, మన హైదరాబాదు.

ఇది అవసరమైన పని, ఆలస్యమైన పని. అయినా పైన చెప్పుకున్న చరిత్ర మనకు ఒక హెచ్చరిక చేస్తోంది. పాశ్చాత్యుల సగటు బదులు భారతీయుల సగటు తెచ్చుకున్నంత మాత్రాన పని పూర్తికాదు. పొలంలో రోజంతా నడుము వంచే స్త్రీ వీపూ, బీడీలు చుడుతూ కూర్చునే స్త్రీ వీపూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని వీపూ ఒకే పట్టికలో కలిసినప్పుడు వచ్చే సగటు వీపు ఎవరిది? డేనియల్స్ లెక్క చెప్పిన జవాబు మనకూ వర్తిస్తుంది.

దీనికి మన ఇళ్ళలో ఒక పాత పరిష్కారం ఉంది. జాకెట్టు కుట్టించుకోవాలంటే మన స్త్రీలు దర్జీకి టేపు కొలతలు చెప్పరు, ఆది జాకెట్టు ఇస్తారు. బాగా అమరిన పాత జాకెట్టే కొత్తదానికి ప్రమాణం. ఆ ఆదిలో ఛాతీ, నడుము, చేతి చుట్టు మాత్రమే ఉండవు. ఏ భుజం కాస్త దిగి ఉంటుందో, ఏ చంక దగ్గర గుడ్డ అరిగిందో, ఏ కుట్టు విప్పి మళ్ళీ వేయించుకున్నారో అన్నీ ఉంటాయి. అంటే నిలబడ్డ దేహపు కొలతతో పాటు ఆ దేహం చేసిన పని కూడా అందులో నమోదై ఉంటుంది. "ఆదికంటే అర అంగుళం వదులు పెట్టు బాబూ" అన్న మాటలో ఏడాది కాలపు మార్పు కూడా చేరిపోతుంది. కోర్నెల్‌లోనూ మిన్నెసోటాలోనూ స్కానర్లతో వెతుకుతున్న జ్ఞానానికి ఇది దగ్గరి బంధువు.

ఆదికి పరిమితులు లేకపోలేదు. అది ఒక్క మనిషికే పనికివస్తుంది, వేలమందికి చొక్కాలు కుట్టే ఫేక్టరీకి పనికిరాదు. ఆ దర్జీ విద్య అతడితోనే పోతుంది, పుస్తకంలోకి ఎక్కదు. అంకెలకు ఉన్న గుణం సరిగ్గా అదే: అవి పుస్తకంలోకి ఎక్కుతాయి, పదిమందికీ అందుతాయి. ఆదిలోని వివరాన్నీ, అంకెలోని విస్తృతినీ ఒకచోట చేర్చాలన్నదే రూత్ ఓబ్రయన్ నుంచి లూసీ డన్ వరకు ఈ వృత్తిలోని వారందరి ప్రయత్నం. ఆ కలయికకు మన దర్జీ చేతిలో ఉన్నది సగం వస్తువు. దాన్ని శాస్త్రంగా గుర్తించి, అడిగి, రాసిపెట్టుకునే పని మాత్రం మన విద్యాలయాలలో జరగవలసినంత జరగలేదు. కొలత తీసే యంత్రాలు హైదరాబాదుకు వచ్చాయి గనుక, ఆ వీధి చివర మిషను తొక్కుతున్న మనిషిని కూడా పిలిచి, "ఈ చంక ఎందుకు ఇలా కోశావు?" అని అడిగేవారు రావాలి.

మీ ఊళ్ళో ఆదిని ఏమంటారు? దర్జీలు కొలతకు వాడే మాటలు, గుర్తులు, లెక్కలు మీకు తెలిసినవి ఉంటే రాయండి. ఒక్కో ఊరి మాట ఒక్కో ఆది లాంటిది. పోగుచేసుకుంటే ఎప్పుడో ఒకప్పుడు పనికివస్తుంది.